బాట గుమ్మడికాయ

ఇది భూమి మీద ఒక మహాకావ్యం. మూడు తరాలు, ఒక దొర, ఏడు కుటుంబాలు, ఎర్రమట్టిలో ఇంకిన చెమట, చివరికి నగరం నడిబొడ్డున తాడోపేడో తేల్చుకునే ఘట్టం. చదివేవాళ్ళు చేతిరుమాలు దగ్గర పెట్టుకోవలసిందిగా మనవి.

కాదులెండి. ఇది ఒక గుమ్మడికాయ గొడవ. అదీ ఒక ఆదివారం మధ్యాహ్నానికల్లా పులుసైపోయిన గుమ్మడికాయ. చేతిరుమాలు మాత్రం ఉంచుకోండి, పులుసు మూతికి అంటుకుంటుంది.

ముందు భూమి సంగతి. మా ఊరి దొరకు పరిమితికి మించి ఉన్న భూమిని సీలింగ్ చట్టం కింద సర్కారు తీసుకుని, మా వాడలో సెంటు భూమి లేని ఏడు కుటుంబాలకు పంచింది. మా తాతకు రెండెకరాలు వచ్చింది. అమ్మడానికి వీల్లేదు, దున్నుకుని తినాలి. ఆ ఏడింటిలో ఈ రోజుకీ సొంతవాళ్ళు సాగు చేసుకుంటున్నది మాదొక్కటే. మిగిలినవి కొన్ని సాగు లేక పడావు పడ్డాయి, కొన్ని కౌలు పేరుతో వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదు. మాది ఎందుకు నిలబడింది అనే ప్రశ్నకు మా ఇంట్లో ఒకటే జవాబు: చెమట.

ఈ మాట చెప్పేది నాన్న. ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో ఉద్యోగమంతా ఫ్యాన్ కింద చేసి రిటైరయ్యాడు. "మా చెమట" అన్నప్పుడు ఆయన గొంతు వణుకుతుంది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పరు. నిజానికి ఆ చెమట మా అత్తది. నాన్నకు అక్క. ఊళ్ళోనే ఇచ్చారు, మామ పోయాక కూడా ఊరు విడవకుండా ఆ రెండెకరాలు పట్టుకుని ఉంది. నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెబుతాను. అంటే పెద్ద కంపెనీలో ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో, అక్కడ ఉద్యోగం రాని నేను పిల్లలకు నేర్పుతాను. మా కుటుంబంలో ఒకరు పని చేయడం, ఇంకొకరు దాని గురించి మాట్లాడటం అనేది ఆ రకంగా పాత అలవాటే.

ఏటా మా చర్చిలో కోత పండుగ జరుగుతుంది. పంటలో మొదటి భాగం దేవుడికి తెచ్చి ఇవ్వాలి, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. అమీర్‌పేటలో పంట ఎక్కడిది? యాపిల్ పళ్ళు, బిస్కెట్లు, కేకులు, మూత తీయని నూనె డబ్బాలు వస్తాయి. కోసింది ఏదైనా ఉందంటే అది ప్యాకెట్ల అంచే. ఆ రోజు మా చర్చిలో రెండు పాటలు. ఒకటి అమ్మ వాళ్ళ క్వయర్‌ది, రెండోది వేలంపాట. జనం లేచి నిలబడి, మెడలు చాచి వినేది రెండోదాన్నే.

అందుకే ఊరి నుంచి అత్త తెచ్చే గుమ్మడికాయకు మా చర్చిలో రాజమర్యాదలు. మట్టి అంటుకున్న వస్తువు అదొక్కటే. నాన్న దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని ముందుకు వెళ్ళి, మైకు అందుకుని, చెమట గురించి సాక్ష్యం చెబుతాడు. ఆయనకు అది ఏడాదికి ఒక్కరోజు రైతు పదవి.

మొన్నటి పండుగకు ముందురోజు సాయంత్రం అత్త దిగింది. గోనెసంచిలో రెండు కాయలు.

"బస్సుల ఆడోళ్ళకు టికెట్ లేదని సర్కారు చెప్పింది గద అల్లుడా," అంది చెప్పులు విడుస్తూ. "కండక్టర్ కాయలకు లగేజ్ టికెట్ గొట్టిండు. ఇవి సుత ఆడవే అన్న. ఆధార్ చూపియ్యమన్నడు."

ఒక కాయను హాల్లో పెట్టింది. రెండోదాన్ని మంచం కిందికి తోసింది. నేను చూశాను గానీ అడగలేదు. పెద్దవాళ్ళు మంచాల కింద పెట్టేవాటి గురించి అడగకూడదని మా ఇంట్లో పద్ధతి.

పొద్దున అమ్మ క్వయర్ కోసం ముందే వెళ్ళింది. అత్త స్నానానికి పోయింది. మేము వెనక నడిచి వస్తామంటే నాన్న స్కూటర్ మీద వెళ్ళిపోయాడు. అత్తా నేనూ చర్చికి చేరేసరికి ఆరాధన అయిపోయి వేలం సగంలో ఉంది. పాట పాడే అన్న ఒక గుమ్మడికాయను పిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి పట్టుకుని, "ఇది రెండోది! అన్నగారు ఈసారి దేవునికి రెండిచ్చిండు!" అంటున్నాడు. ముందు వరసలో నాన్న, కళ్ళు మూసుకుని, వినయంగా.

అత్త గుమ్మం దగ్గరే చేయి పైకెత్తి అరిచింది. "ఆగున్రి! గది గాదు!"

వేలంలో చేయి ఎత్తితే ఒకటే అర్థం.

"అక్క పెంచింది!" అన్నాడు పాట పాడే అన్న.

సనత్‌నగర్‌లో చిన్న ఫ్యాక్టరీ నడిపే సంఘ పెద్ద ఒకాయన ఉన్నారు. ఆయన వెనక్కి తిరిగి చూసి ఇంకా పెంచారు. అత్త రెండు చేతులూ ఊపింది. రెండు చేతులంటే ఇంకా పెద్ద పాట. సంఘం మొత్తం చప్పట్లు. అత్త "అయ్యో, గాదు గాదు" అంటుంటే వెనక బెంచీలో ఎవరో "ఎంత విశ్వాసం, కన్నీళ్ళు సుత వస్తున్నయ్" అన్నారు. నాన్న పరుగున వచ్చి ఆమె చేతులు పట్టి కిందికి దించాడు.

"మనమిచ్చింది మనమే కొనుక్కుంటమా అక్కా? పరువు పోతది."

కాయ సంఘ పెద్దగారికి పోయింది. ఆమెన్.

బయట వేపచెట్టు కింద, స్కూటర్ల మధ్య, అత్త నాన్నను నిలదీసింది. ఆమె అలా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. నాన్న కూడా వినలేదని ఆయన మొహం చూస్తే తెలిసింది.

"మంచం కిందిది ఎందుకు తెచ్చినవ్ తమ్మి?"

"దేవునికి రెండిస్తే తప్పా?"

"దేవునిది హాల్ల ఉన్నది. మంచం కిందిది బాటది."

"బాటదేంది?"

"మన పొలంలకు ఏడికెళ్ళి పోతం?"

"బాటకెళ్ళి."

"గా బాట ఎవలది?"

నాన్న ఏటా మైకు పట్టుకుని చెప్పే సాక్ష్యంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. నాకూ తెలియదు. పొలం ఉంటే దానికి దారి ఉంటుందనుకున్నాను, ఫ్లాటుకు లిఫ్టు ఉన్నట్టు.

"దొరసానిది," అంది అత్త. "రోడ్డు పొంటి ఉన్నదంత వాళ్ళే ఉంచుకున్నరు. ఎనుకది మనకు పోయింది. సర్కారు భూమి ఇచ్చింది గని దాంట్లకు పోను బాట ఇయ్యలే."

అక్కడ నిలబడే మిగిలినదంతా విన్నాం. పట్టాలు చేతికొచ్చిన కొత్తలో దొర మా పొలాలకు పోయే జాడంతా దున్నేశాడట. నాగలి భుజాన మోసుకుపోవచ్చు, పంట నెత్తిన మోసుకురావచ్చు, కానీ ఎరువు బండి పోదు, బోరు వేసే బండి అసలే పోదు. మిగతా ఆరు కుటుంబాలూ కొన్నేళ్ళు మోశాయి. తర్వాత, రోడ్డు పక్క దొర పొలం చేసే కౌలుదారుకే తమ భూములూ కౌలుకు ఇచ్చేశాయి. దారి ఉన్నవాడికే కదా పొలం పనికొచ్చేది. ఎవరూ కబ్జా చేయలేదు, ఎవరూ కొట్టలేదు. మహాకావ్యంలో పెట్టడానికి ఒక్క లాఠీదెబ్బ కూడా లేదు. బండి పోలేదు, అంతే.

"మరి మనది?" అన్నాను.

"దొర సచ్చిపోయినంక మా నాయిన నన్ను పంపిండు. గట్టు మీద కాసిన కాయ పట్కపోయి దొరసానికి ఇచ్చి, బండి పోనియ్యమని అడిగిన. జొన్న తొక్కకుండ పోన్రి అన్నది. గంతే. అప్పటిసంది ఏటేట కాయ. ఆమె పంజగుట్టల కొడుకు కాడికి వస్తే కాయ సుత పంజగుట్టకే."

మిగతావాళ్ళు ఎందుకు అడగలేదని అడిగాను. వాళ్ళవి అప్పటికే చేయి దాటాయట. "దాటకున్నా అడగకపోదురు. మా భూమి మాకిచ్చిన్రు, ఇంక వాళ్ళ గడప ఎందుకు తొక్కాలె అందురు. మాట నిజమే. మాటకేం, నిజమే."

కోత పండుగ మధ్యాహ్నాలు అత్త "జర గుట్ట దాక పోయొస్త" అని మాయమయ్యేది. ఇన్నేళ్ళూ బట్టల షాపులకనుకున్నాం. ఏ చీరా తేకుండా వచ్చేది కాబట్టి ఆమెకు మంచి అభిరుచి ఉందనుకున్నాం.

నాన్న అన్నీ విని, తేరుకుని, "సరే, ఒక్క ఏడు ఇయ్యకుంటే ఏమైతది?" అన్నాడు.

"ఈ యేడే ఇయ్యాలె. కొడుకు రోడ్డు పొంటి పొలం అమ్ముతుండు. హద్దురాళ్ళు సుత పాతిన్రు. కొన్నోడు సుట్టూ గోడ గడతడట. గోడ లేసిందంటే మన పొలం బాయి లెక్కనే, సూడొస్తది గని దిగరాదు. కాగితాలు గాకముందే దొరసానికి చెప్పాలె."

మా వంశగౌరవం మొత్తం ఇంతకాలం ఒక కూరగాయ మీద నడిచిందన్నమాట. ఆ కూరగాయను మేము ఇప్పుడే వేలం వేశాం.

"మార్కెట్ల ఇంకోటి కొందాం," అన్నాను.

"కొన్నది చెల్లదు అల్లుడా."

"పోనీ ఒట్టి చేతులతోనే పోయి అడుగుదాం. మనకు హక్కుంటది," అన్నాడు నాన్న.

"ఒట్టి చేతులతోని పోతే అడుక్కునుడైతది తమ్మి. కాయతోని పోతే పలకరిచ్చుడైతది."

సంఘ పెద్దగారి ఇల్లు అక్కడికి రెండు సందుల అవతల. మేము ముగ్గురం ఊడిపడేసరికి ఆయన భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ తలుపు తీశారు. కోస్తా మనిషి, మర్యాద ఎక్కువ.

"రండి రండి, ఏంటండీ ఎండలో ఇలా? మీ గుమ్మడికాయేనండీ, ఇప్పుడే కోశాను. లోపల ఎంత బావుందో, పసుపు ముద్దే అనుకోండి!"

"మొత్తం కోశారా?" అన్నాడు నాన్న, ఆసుపత్రిలో అడిగే గొంతుతో.

"సగం బెల్లం వేసి పులుసు పెట్టేశాను. సగం పక్క ఫ్లాట్లకు పంచేశానండీ, ఆశీర్వాదం కదా!"

అత్త సోఫా అంచున కూలబడింది. మేమెందుకు వచ్చామో నాన్న చెప్పాడు. ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. తర్వాత లోపలికి వెళ్ళి, పులుసు మొత్తం స్టీలు క్యారేజీలో పోసి తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది.

"కాయ మీదే కదండీ. రూపం మారింది, అంతే."

అత్త ఆ క్యారేజీ మూత తీసి చూసి అడిగిన మొదటి ప్రశ్న, "గింజలు పారేసిన్రా?" గింజలు పారేయలేదు. పేపర్లో పొట్లం కట్టి కొంగున ముడేసుకుంది.

పులుసు ఒలుకుతుందని స్కూటర్ వద్దన్నాడు నాన్న. మెట్రోలో అమీర్‌పేట తర్వాత స్టేషనే పంజగుట్ట. లోపలికి పోయేచోట సంచులు చూసే అమ్మాయి క్యారేజీని తట్టి, "ఇందులో ఏముందమ్మా?" అంది.

"బాట," అంది అత్త.

ఆ అమ్మాయి నా వంక చూసింది. "పులుసు," అన్నాను. రెండూ నిజమే.

రైల్లో నాన్న పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఉపన్యాసం తయారవుతోంది. భూమి ఎవరిది, చట్టం ఏమంటుంది, నడిచిన దారి మీద నడిచినవాడికి హక్కు ఎలా వస్తుంది. నేనూ లోలోపల సిద్ధమయ్యాను. పెద్ద గొడవ జరుగుతుంది, నేను మధ్యలో నిలబడతాను, వీలైతే వెనక నిలబడతాను.

పంజగుట్టలో పాత అపార్ట్‌మెంటు. వంటమనిషి తలుపు తీసింది. నాన్న చొక్కా, బూట్లు చూసి సోఫా చూపించింది. నన్నూ కూర్చోమంది. అత్త మాత్రం ఎవరూ చెప్పకుండానే హాలు దాటి బాల్కనీలోకి వెళ్ళింది. అక్కడ చెప్పుల స్టాండు పక్కన ఒక ముక్కాలిపీట. గ్రిల్లు మీద బోర్లించిన ఒక స్టీలు గ్లాసు, అంచున సొట్ట. అత్త ఆ గ్లాసు తీసి, కొంగుతో తుడిచి, వంటమనిషికి అందించింది. చాలా మామూలుగా. మనింట్లో మన గ్లాసు మనం తీసుకున్నట్టు.

కాసేపటికి టీ వచ్చింది. నాన్నకూ నాకూ పూల బొమ్మల పింగాణీ కప్పుల్లో. అత్తకు సొట్ట గ్లాసులో.

నాన్న తన కప్పు వంక చూశాడు. గ్లాసు వంక చూశాడు. ఒకే తల్లి పిల్లలు, ఒకే రెండెకరాలు. నేను ఏదో జోకు వేయాలి, నా పని అదే. ఒక్కటి కూడా రాలేదు. నాన్న కప్పు పట్టుకుని లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. అక్కడ పీట ఒక్కటే ఉంది కాబట్టి నిలబడి తాగాడు. చేయి కాలింది. అత్త "ఊదుకొని తాగు" అంది. నాన్న ఊదుకుని తాగాడు.

అప్పుడు వచ్చింది దొరసాని, వాకర్ పట్టుకుని, నెమ్మదిగా. వెనక కొడుకు, చెవి దగ్గర ఫోను.

"ఏమే, మంచిగున్నవా? కాయేది?"

"కాయ పులుసైంది దొరసాని." అత్త బాల్కనీలోంచి వచ్చి క్యారేజీని హాల్లో టీపాయ్ మీద పెట్టింది.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పచ్చి కాయ ఎవరి చేతిలో నుంచైనా రావచ్చు. వండినది వేరు. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు, ఆ నిశ్శబ్దం చెప్పింది.

"ఎవలు ఒండిన్రు?"

"మా చర్చిల పెద్దమనిషి భార్య."

"ఏమిటోళ్ళు?"

"కిరస్తానపోళ్ళు."

"గంతేనా?"

"గంతే దొరసాని."

పెద్దావిడ క్యారేజీ వంక ఇంకాసేపు చూసింది. "ఫ్రిజ్ల పెట్టు," అంది వంటమనిషితో.

అత్త బాట సంగతి చెప్పింది. గొడవ ఇప్పుడు మొదలవుతుందని నేను సోఫా అంచుకు జరిగాను. కొడుకు ఫోను జేబులో పెట్టి, నిజంగానే ఆశ్చర్యపోయి, "ఏ బాట? మమ్మీ, మన పొలంల బాట ఉన్నదా?" అన్నాడు.

"వాళ్ళు పోతుండ్రు గద. ఉన్నట్టే."

"నాకు తెల్వనే తెల్వదు. ఈ ఆంటీ నిన్ను సూడనీకి వస్తదనుకున్న." నాన్న వైపు తిరిగాడు. "ఫికర్ జెయ్యకున్రి అంకుల్. వకీలుకు చెప్త. అమ్మకం కాగితంల హద్దుల కాడ రాపిస్త. ఏమని రాయాలె?"

ఇంతే. నాన్న దగ్గర రైలంత పొడవున ఉపన్యాసం ఉంది, కాలు పెట్టడానికి ఫ్లాట్‌ఫారం లేదు. ఆయన గొంతు సవరించుకునే లోపల అత్త అనేసింది. "గిప్పుడున్నదే. మా బండిబాట మాకుంటే సాలు."

"అవును," అన్నాడు నాన్న, ఆఫీసు గొంతు తెచ్చుకుని. "బండిబాట అని స్పష్టంగా రాయించండి. నోటిమాట వద్దు. అక్షరం మారకూడదు."

"డన్ అంకుల్," అన్నాడు కొడుకు. మళ్ళీ ఫోను మోగింది.

తిరిగి స్టేషనుకు నడుస్తున్నప్పుడు అడిగాను, దొరసాని పులుసు తింటుందంటావా అని.

"ఆమెకు గుమ్మడికాయ పడదు. వాతం జేస్తదంటది. ఏటేట పనామెకే ఇస్తది."

నేను ఫుట్‌పాత్ మీద ఆగిపోయాను. వెనక వచ్చే ఆయన నన్ను తిట్టి దాటి పోయాడు.

"మరి ఎందుకిస్తున్నవ్ అత్తా, ఇన్నేళ్ళసంది?"

"తినేటందుకు గాదురా. ఇంక దున్నుతున్నం, ఆడనే ఉన్నం అని ఆమెకు తెల్వాలె గద. కాయ సూస్తే తెలుస్తది."

స్టేషను మెట్లు ఎక్కేటప్పుడు నాన్న, "ఆ గ్లాసు..." అన్నాడు.

"మంచి గ్లాస్. టీ జల్ది సల్లారది," అంది అత్త.

నాన్న మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అయితే పంజగుట్ట నుంచి క్యారేజీ తేవడానికి నన్ను పంపలేదు, తనే వెళ్ళాడు. కడిగి, తుడిచి ఇచ్చారట. తిన్నారో, పనామెకు ఇచ్చారో, పారబోశారో కడిగిన గిన్నెను చూసి చెప్పలేం. గిన్నెకు సొట్ట పడలేదని చెప్పి సంఘ పెద్దగారి భార్యకు ఇచ్చేశాడు. సాక్ష్యంలో చెమట మాట వచ్చే పండుగకు కూడా వస్తుందో రాదో చూడాలి.

కొడుకు మాట తప్పలేదు. కాగితంలో హద్దుల దగ్గర "బండిబాట" అని పడింది, అక్షరం మారకుండా. నకలు వచ్చిన రోజు నాన్న దాన్ని చదివి, మళ్ళీ చదివి, మడిచి బైబిల్లో పెట్టాడు. తర్వాత గోడ లేచింది. పొలం కొన్నాయన పెట్టుకున్న ఇంజినీరు చాలా నిజాయితీ మనిషి. బండిబాట అంటే ఎంతని ఊళ్ళో ముసలివాళ్ళను అడిగి, ఎడ్లబండి పట్టేంత వెడల్పు కొలిచి వదిలి, రెండు వైపులా కాంక్రీటు గోడ కట్టించాడు. ఊళ్ళో ఎడ్లబండి కనపడక చాలా ఏళ్ళయింది.

ట్రాక్టరు పడుతుంది, అద్దం మడిస్తే. వరి కోత మిషన్ పట్టదు. అందుకని ఈ వానాకాలం వరి మానేసి మొక్కజొన్న వేశాం.